చదివింపుల పుస్తకంలో ఐదు బస్తాలు



ఈసారి పురుగు గురించి రాయటంలేదు, యూరియా క్యూల గురించి అంతకన్నా కాదు. వాటి గురించి మీకూ నాకూ రోజూ ఉన్నదే. ఇంట్లో కూర్చుని ఆలుమగలం నాలుగు రాత్రులు తగువు పడ్డ విషయం ఒకటి రాస్తున్నా. ఓపిగ్గా చదవండి, కొంచెం పొడుగైంది.

శ్రావణమాసం వచ్చిందంటే మన డెల్టా రైతుకి రెండు ఖర్చులు ఒకేసారి మీద పడతాయి. ఒకటి నాట్లు. రెండోది పెళ్ళిళ్ళు. కాలవకి నీళ్ళొచ్చి, దమ్ము చేసి, ముఠా కోసం తిరిగే రోజుల్లోనే శుభలేఖలు కూడా గుమ్మంలోకి వస్తాయి. ముహూర్తాలు పెట్టే పంతులుగారికి మన పెట్టుబడులతో పనిలేదు కదా.

ఈ 2025 శ్రావణంలో మాకు ఆరు శుభలేఖలు వచ్చాయి. ఐదింటికి ఆలోచన లేదు, ఐదొందల పదహార్లో, వెయ్యిన్నూట పదహార్లో రాయించి భోజనం చేసి వచ్చేవే. ఆరోదానితోనే వచ్చింది చిక్కు.

అది మా గట్టు బావ కూతురి పెళ్ళి. గట్టు బావ అంటే నిజం చుట్టరికం కాదు. ఆయన పొలం, నా పొలం ఒకే గట్టుకి అటూ ఇటూ. ముప్ఫై ఏళ్ళుగా బావా అంటే బావా అనుకుంటున్నాం. ఆ వరసన ఆయన భార్య నాకు చెల్లెమ్మ, పిల్ల మేనకోడలు. ఇద్దరూ కలిసి ఇంటికొచ్చి మా ఆవిడకి బొట్టు పెట్టి పిలిచారు. "అన్నయ్యా, మీరు ముందురోజే రావాలి, మేనమామ లేకుండా పిల్లని పీటల మీద ఎవరు కూర్చోబెడతారు" అని చెల్లెమ్మ నవ్వుతూ అనేసి వెళ్ళింది.

వాళ్ళు సందు మలుపు తిరిగారో లేదో, మా ఆవిడ బీరువాలోంచి చదివింపుల పుస్తకం తీసింది.

ఈ పుస్తకం మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. మాది 2015 శ్రావణంలో మా అమ్మాయి పెళ్ళిది. పొడుగాటి లాంగ్ నోట్సు, నాలుగు మూలలా పసుపు, మొదటి పేజీలో శ్రీరామ, రెండో పేజీ నుంచి వరసగా ఊరు, పేరు, మొత్తం. ఇంటి పట్టా పుస్తకం ఎక్కడుందో అడిగితే ఆవిడ వెతుక్కోవాలి. ఇది మాత్రం కళ్ళు మూసుకుని తీస్తుంది. ఎవరి శుభలేఖ వచ్చినా ముందు ఇందులో వాళ్ళ పేరు చూడటం, తర్వాత ఎంత పెట్టాలో అనుకోవటం. అందరిళ్ళలో జరిగేది ఇదే.

నాలుగో పేజీలో పై నుంచి మూడో వరసలో ఉంది బావ పేరు. ఎదురుగా 5,116.

ఆ పేజీలో మిగతావన్నీ చూడండి: 116, 516, 516, 1,116, 216, 516. మధ్యలో ఇది ఒక్కటే పెద్ద అంకె. ఆ రోజు మైకులో చదివినప్పుడు మా వియ్యంకుల వైపు వాళ్ళు తల తిప్పి చూడటం నాకు ఇప్పటికీ గుర్తు. గుండె నిండిపోయింది. అన్నదమ్ములు కూడా ఇంత పెట్టలేదే అనుకున్నా. పదేళ్ళుగా ఆ అంకె నా మనసులో ఒక బాకీ మాదిరి ఉండిపోయింది.

ఇప్పుడు ఇంట్లో ఉన్న డబ్బు చెప్తా, దాచేదేముంది. మా చేతిలో ఐదెకరాలు, అందులో మూడు కౌలు. ముఠా ఈ ఏడు ఎకరానికి 5,500 మాట్లాడుకుంది. ఐదెకరాలకి 27,500. ఇంట్లో ఉన్నది 31,000. నాట్లు పోను మిగిలేది 3,500. డీఏపీ కట్ట 1,350. అంటే ఆ మిగిలినదానితో మూడు కట్టలు కూడా రావు. నిరుడు సెప్టెంబరులో కృష్ణకి వచ్చిన వరద మీకు తెలిసిందే, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. ఆ నీళ్ళకి మా పల్లపు మూడెకరాలు పోయాయి. మెరకన ఉన్న రెండెకరాలే నిలబడ్డాయి. పోయిన మూడూ కౌలు చేలే, కౌలు మాత్రం కట్టాల్సి వచ్చింది. అందుకే ఈ ఏడు చెయ్యి మరీ ఒట్టిది.

మా ఆవిడ మొదటి రాత్రే తేల్చేసింది. "వాళ్ళు పదేళ్ళ కిందట ఐదు వేలు పెట్టారు. ఇప్పుడు పదివేల నూట పదహార్లన్నా పెట్టకపోతే మనిషి జన్మేనా? నా చెవి దిద్దులు పెట్టి తీసుకురండి."

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేస్తే వాడు ఇంకోరకం. "నాన్నా, 5,116 ఇచ్చారు కాబట్టి 5,116 ఇచ్చేయ్. వాళ్ళది వాళ్ళకి. పెళ్ళికొచ్చే పని కూడా లేదు, ఫోన్‌పే కొట్టెయ్" అన్నాడు. వాడిని తప్పు పట్టను. వాడికి అది ఒక లెక్క, ఇచ్చింది ఇచ్చేస్తే సరి.

కానీ మా అమ్మ ఉన్న రోజుల్లో ఒక మాట అనేది. చదివింపు సరిసమానంగా తిప్పి ఇవ్వకూడదు, ఇస్తే లెక్క తీరిపోయినట్టు, ఇక రాకపోకలు అక్కర్లేదని చెప్పినట్టు. మీద కొంచెం వెయ్యాలి, అప్పుడు ఈసారి వాళ్ళు మనకి బాకీ ఉంటారు, మళ్ళీ మన ఇంటి శుభకార్యానికి వస్తారు. ఇలా ఎప్పుడూ ఎవరో ఒకరు బాకీ ఉంటేనే చుట్టరికం నడుస్తుందని ఆమె లెక్క. చదువు లేని మనిషి, చీటీల వ్యాపారం చేసేవాడికన్నా బాగా చెప్పింది.

రెండో రాత్రి నేను కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నా. అసలు ఆ 5,116 అంటే ఇప్పుడు ఎంత?

ముందు బంగారంతో చూశా. 2015 శ్రావణంలో పది గ్రాములు ఇరవయ్యారు, ఇరవయ్యేడు వేల మధ్య ఉంది. అంటే బావ పెట్టింది రెండు గ్రాములకి కాస్త తక్కువ. ఈ 2025 శ్రావణంలో పది గ్రాములు లక్ష. ఆ రెండు గ్రాములు కొనాలంటే పంతొమ్మిది వేల పైన కావాలి. పెన్ను పక్కన పెట్టి మంచినీళ్ళు తాగా.

తర్వాత వడ్లతో చూశా. 2014-15కి సాధారణ రకం మద్దతు ధర క్వింటా 1,360. మన 75 కిలోల బస్తా 1,020. ఐదు బస్తాలు 5,100. చూశారా, పదహారు రూపాయలు పక్కన పెడితే బావ పెట్టింది సరిగ్గా ఐదు బస్తాల వడ్లు. మొన్నటి 2024-25 పంటకి మద్దతు ధర 2,300. బస్తా 1,725. ఐదు బస్తాలు 8,625. మద్దతు ధర కాగితం మీదది, మన చేతికి వచ్చింది ఎంతో మీకు తెలుసు, అది వేరే సంగతి.

అంటే అదే 5,116 రూపాయల్లో చూస్తే 5,116, వడ్లలో చూస్తే 8,625, బంగారంలో చూస్తే 19,000 పైన. మూడూ నిజమే. మనం బంగారం పండించం, వడ్లు పండిస్తాం. పదేళ్ళలో బంగారం మూడున్నర రెట్లు దాటింది, మన బస్తా రెట్టింపు కూడా కాలేదు. మనింట్లో పెళ్ళి అంటే భయం ఎందుకో ఆ ఒక్క కాగితంలో కనపడింది నాకు. వడ్లు అమ్మి బంగారం కొనాలి, దానికి తోడు బంగారం కొలతతో గౌరవం నిలబెట్టుకోవాలి.

ఇక్కడ ఒక మాట. ఈ నూట పదహారు ఎక్కడినుంచి వచ్చిందో పెద్దలు ఒక కథ చెప్తారు. నిజాం రాజ్యంలో హాలి సిక్కా అని వేరే రూపాయి నడిచేది. ఆరు బ్రిటిష్ రూపాయలకి ఏడు హాలి రూపాయలు. ఆ లెక్కన వంద బ్రిటిష్ రూపాయలకి నూట పదహారు హాలి పైచిలుకు వస్తుంది. ఇచ్చేది నిండు వందకి తగ్గకూడదని నూట పదహారు ఇచ్చేవారట, అదే ఆనవాయితీ అయిందట. ఆ కథే నిజమైతే, మనం శుభసూచకం అనుకునే అంకె అసలు మారకం లెక్క. పైకి రూపాయి ఎంతో కాదు, దాని విలువ ఎంతో చూసి ఇవ్వాలని అప్పటివాళ్ళు కూర్చుని లెక్క వేశారన్న మాట. మనం అంకెని ఉంచుకుని లెక్కని వదిలేశాం.

మూడో రాత్రి నాకు ఒక పాడు ఆలోచన వచ్చింది. మీ దగ్గర ఒప్పుకుంటున్నా. జ్వరం వచ్చిందని చెప్పి పెళ్ళికి వెళ్ళటం మానేస్తే? మా ఆవిడ చేతికి ఒక కవరు ఇచ్చి పంపిస్తే, కవరు కాబట్టి మైకులో చదవరు, ఎంత పెట్టామో ఎవరికీ తెలియదు.

అనుకున్న నిమిషానికే నిరుడు కార్తీకంలో జరిగింది గుర్తొచ్చింది. మా ఊళ్ళో ఒక పెళ్ళి. మా పక్క పొలం కౌలు రైతు ఒకాయన రాలేదు. ఎనిమిదేళ్ళ కొడుకు చేతికి కవరు ఇచ్చి పంపాడు. ఆ పిల్లాడు కవరు ఎవరికివ్వాలో తెలియక బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నేనే తీసుకెళ్ళి ఇప్పించి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించా. వారం తర్వాత కాలవ గట్టు మీద కనపడితే ఏమయ్యా రాలేదే అని అడిగా. "ఆళ్ళు మాకు రెండువేలు రాయించారన్నా. వరదలో చేను పోయింది. ఐదొందలు రాయించుకుని ఆ బంతిలో ఎట్టా కూర్చునేది?" అన్నాడు. పెళ్ళివాళ్ళు ఆయన కోసం రెండుసార్లు అడిగారు. వాళ్ళకి కావలసింది ఆయన వచ్చి నాలుగు విస్తర్లు వడ్డించటం. ఆయన మాత్రం పుస్తకంలో అంకె చూసుకుని ఇంట్లో కూర్చున్నాడు.

ఇప్పుడు నేను చేయబోతున్నది అదే కదా అనుకున్నా.

నిద్ర పట్టక పుస్తకం మళ్ళీ తిప్పా. ఆఖరి పేజీలో ఒక వరస దగ్గర ఆగా. మా నాట్ల ముఠా పెద్ద, మేమందరం అక్కా అని పిలుస్తాం. 116. ఆ పెళ్ళి రాత్రి ఆ అంకె నేను చూసి కూడా ఉండను. 2015లో మా ఊళ్ళో నాట్లకి ఆడకూలి రోజుకి 200. అంటే ఆమె రాయించింది సగం రోజు పైన నడుము వంచిన డబ్బు. దానికి తోడు తన ముఠాలో నలుగురిని తీసుకొచ్చి రెండు రోజులు గిన్నెలు తోమింది, ఒక్క రూపాయి పుచ్చుకోలేదు. అది పుస్తకంలో ఎక్కడా లేదు.

2019లో ఆమె కొడుకు పెళ్ళికి నేను 516 రాయించి, నాలుగింతలు తిప్పి ఇచ్చానని మీసం తడుముకుంటూ వచ్చా. ఆ రోజుల్లో యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలు. నేనిచ్చింది రెండు కట్టల యూరియా డబ్బు కూడా కాదు. ఆమె కూలిలోంచి సగం రోజు తీసి ఇచ్చింది, నేను జేబులోంచి చిల్లర తీసి ఇచ్చా. పుస్తకం ప్రకారం నేనే ఎక్కువ. బరువు ప్రకారం చూస్తే నేను ఇప్పటికీ ఆమెకి బాకీ.

తెల్లవారుజామున పొలం వెళ్ళా. బావ అప్పటికే గట్టు మీద ఉన్నాడు, మడవ కడుతున్నాడు. నేను వెళ్ళి గట్టున కూర్చున్నా. పెళ్ళి పనులు ఎంతవరకు వచ్చాయని అడిగా. షామియానా, వంట మేస్త్రి, బాజా అని చెప్తూ పోయాడు. మధ్యలో ఆగి, "నీ మొహం అట్టా ఉందేంది బావా?" అన్నాడు.

దాచలేకపోయా. "నీ కూతురికి ఎంత పెట్టాలో తేలక మూడు రోజుల నుంచి నిద్రలేదు బావా. నువ్వు పెట్టినంత బరువుగా పెట్టాలని ఉంది. చేతిలో లేదు" అన్నా.

బావ పార పక్కన పెట్టి పెద్దగా నవ్వాడు. నవ్వి, నవ్వి, ఆగాడు.

"ఆ ఐదువేలు ఎట్టా వచ్చినయ్యో తెలుసా నీకు? రెండు రూపాయల వడ్డీకి తెచ్చా. సంక్రాంతికి గానీ తీరలేదు. ఇంట్లో మీ చెల్లెలు నెల రోజులు మాట్లాడలేదు నాతో."

నేను బిత్తరపోయా. "ఎందుకు తెచ్చావు బావా? వెయ్యి రాయిస్తే నేనేమన్నా అనుకునేవాణ్ణా?"

"నీ కోసం అనుకుంటున్నావా? నీ వియ్యంకులు టౌను వాళ్ళు, సూట్లు వేసుకుని వచ్చారు. మైకులో నా పేరు వెయ్యి దగ్గర వినపడితే చిన్నతనం అనుకున్నా. నీ మీద ప్రేమ లేదని కాదు. కానీ ఆ నాలుగువేలు ప్రేమ కాదు, మైకు."

పదేళ్ళు నేను గుండెల్లో పెట్టుకు తిరిగిన అంకెలో సగం పైన మైకు ఉందన్న మాట. కోపం రావాలి, రాలేదు. ఎందుకంటే మూడు రోజులుగా నేను చేస్తున్నదీ అదే. నా లెక్కల్లో కూడా మేనకోడలు లేదు, మైకే ఉంది.

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత నేనే అడిగా. "అది సరే గానీ, నీకు ఇప్పుడు ఏం తక్కువ పడింది? అది చెప్పు."

మొదట ఏం లేదన్నాడు. గట్టిగా అడిగితే చెప్పాడు. వంట మేస్త్రి జాబితాలో బియ్యం రెండు క్వింటాళ్ళు రాశాడట, అవీ పాతవే కావాలట. కొత్త బియ్యం అయితే ముద్దవుతుందని. బావ వడ్లన్నీ కళ్ళంలోనే అమ్మేశాడు, అప్పులవాడు కాటా దగ్గరే నిలబడ్డాడు కాబట్టి. ఇప్పుడు కొట్లో పాత బియ్యం కొనాలి.

మా ఇంట్లో పన్నెండు బస్తాలు ఉన్నాయి. మెరక రెండెకరాల్లో నిలబడ్డ పంట, తిండికి ఉంచుకున్నది. బీపీటీ 5204, మన బాపట్లలో పుట్టిన సాంబ మసూరే. కోసి ఎనిమిది నెలలైంది. ఇంతకన్నా పాత బియ్యం ఏం కావాలి?

ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పా. ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసింది. నాలుగు బస్తాలు తీస్తే ఎనిమిది మిగులుతాయి, ఇద్దరికీ కొత్త పంట దాకా సరిపోతాయి. అబ్బాయికి పంపేది ఈసారి తగ్గించాలి. దానికి ఒప్పుకుంది. ఒక్క విషయానికి మాత్రం ఒప్పుకోలేదు. "బియ్యం ఇచ్చిన సంగతి మైకులో చదవరు కదా. వెయ్యిన్నూట పదహార్లు అని చదివితే ఊరు ఏమనుకుంటుంది? ఐదువేలు తిని వెయ్యి కక్కారని అనుకోరా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. అనుకుంటారు. అనుకునేవాళ్ళని ఆపలేం. "అనుకోనీ" అన్నా. ఆవిడ పుస్తకం మూసి బీరువాలో పెట్టింది. పెట్టేటప్పుడు తలుపు కొంచెం గట్టిగానే వేసింది.

నాలుగు బస్తాలు మిల్లుకి వేస్తే 186 కిలోల బియ్యం వచ్చాయి. పెళ్ళికి నాలుగు రోజుల ముందే ట్రాలీ ఆటోలో వేసుకుని బావ ఇంటికి తీసుకెళ్ళి దించా. కొట్టు ధరతో చూసుకుంటే ఎనిమిది వేల పైనే ఉంటుంది, నా ఐదు బస్తాల లెక్కకి దగ్గర దగ్గర సరిపోయింది. కానీ దించేటప్పుడు ఆ లెక్క గుర్తులేదు. చెల్లెమ్మ ఒక గోతాం మూతి విప్పి, గుప్పెడు బియ్యం తీసి అరచేతిలో నలిపి వాసన చూసింది. "పాతవే అన్నయ్యా" అంది. బావ మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడకుండా గోతాలు లోపల పెట్టుకుంటున్నాడు.

పెళ్ళి రాత్రి సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్తా. బల్ల దగ్గరికి వెళ్ళి 1,116 ఇచ్చా. మైకులో చదివారు: ఫలానా ఊరు కాపురస్తులు, పెళ్ళికూతురికి మేనమామ వరస, చదివించినది వెయ్యిన్నూట పదహార్లు. ముందు వరసలో కూర్చున్న మా ఊరి పెద్దమనిషి ఒకాయన మెడ తిప్పి నా వైపు చూశాడు. ఆయనకి 2015 అంకె గుర్తుంది, ఇలాంటివి మర్చిపోయే మనిషి కాదు. చెవులు వేడెక్కాయి నాకు. నాకేం పట్టలేదని రాస్తే అబద్ధం అవుతుంది. మా ఆవిడ అటు తిరిగి కూర్చుంది.

కానీ కాసేపటికి బంతులు మొదలయ్యాయి. నేను అన్నం గంప పట్టుకున్నా. మూడు బంతులు వడ్డించా. నిరుడు కార్తీకంలో రాని ఆ కౌలు రైతు కూడా ఈసారి వచ్చాడు, సాంబారు బకెట్టు పట్టుకున్నాడు. ఎంత రాయించాడో నేను వినలేదు, వినాలని అనుకోలేదు కూడా. ఆ మెడ తిప్పిన పెద్దమనిషి విస్తట్లో నేనే రెండుసార్లు మారు వడ్డించా. "అన్నం బాగుందయ్యా, ఎక్కడి బియ్యం?" అని అడిగాడు. చెప్పాలని నోటిదాకా వచ్చింది. మింగేసి పక్క విస్తరికి వెళ్ళిపోయా. చెప్పేస్తే అదీ మైకే కదా.

పెళ్ళైన మూడో రోజు చెల్లెమ్మ మనిషి చేత మా గోతాలు తిప్పి పంపింది. మనలో ఖాళీ గిన్నె, ఖాళీ గోతాం తిప్పి పంపరు కదా. ఒకదాంట్లో అరిసెలు, ఇంకోదాంట్లో వాళ్ళ పెరటి కొబ్బరికాయలు ఎనిమిది. మా ఆవిడ కాయలు లెక్కపెట్టి బీరువా దగ్గరికి వెళ్ళింది. పుస్తకం తీసి, బావ పేరు పక్కన పెన్సిల్‌తో చిన్నగా రాసుకుంది: బియ్యం, నాలుగు బస్తాలు. అరిసెలు, కొబ్బరికాయలు. నేను చూసి నవ్వితే, "రేపు మనవరాలి పెళ్ళికి కావాలి కదా లెక్క" అంది.

ఇదంతా ఎందుకు రాశానంటే, చదివింపులు చెడ్డవని చెప్పటానికి కాదు. నేను వాటికి వ్యతిరేకం కాదు. బ్యాంకు లేని రోజుల్లో ఒక ఇంటి పెళ్ళిని ఊరంతా కలిసి ఎత్తుకునే పద్ధతి అది. ఒక్కడు లక్ష మోయలేడు, రెండొందలమంది తలా ఐదొందలు మొయ్యగలరు. వడ్డీ లేని చీటీ. దాన్ని పాడు చేసుకున్నది మనమే, పోటీ పెట్టుకుని.

నాకు అర్థమైనవి రాస్తా, నచ్చితే తీసుకోండి. చదివింపు కోసం వడ్డీకి తేవద్దు. మనం వడ్డీకి తెచ్చి ఇస్తే, వాళ్ళు రేపు మనకి వడ్డీకి తెచ్చి తిప్పి ఇవ్వాలి. మధ్యలో బాగుపడేది వడ్డీ వ్యాపారి. పాత అంకె చూసేటప్పుడు రూపాయి చూడకండి, ఆ ఏడు బస్తా ధర ఎంతో, కూలి ఎంతో చూడండి, ఇచ్చినవాడికి అప్పుడు అది ఎంత బరువో తెలుస్తుంది. ఇవ్వగలిగింది పెళ్ళికి ముందే ఇవ్వండి, అడిగి ఇవ్వండి. పెళ్ళి రాత్రి వచ్చే డబ్బు షామియానా వాడికి పోతుంది, ముందు వచ్చే బియ్యం, కూరగాయలు, రెండు రోజుల ట్రాక్టరు అప్పు తగ్గిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, చేతిలో నూట పదహారే ఉన్నా వెళ్ళండి. పిల్లాడి చేతికి కవరు ఇచ్చి పంపకండి. పిలిచినవాళ్ళు మైకు పెట్టకపోతే ఇంకా మంచిది. మా ఇంట్లో తర్వాత జరిగే శుభకార్యానికి మైకులో చదివించకూడదని నేనూ మా ఆవిడా అనుకున్నాం. ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇంకో మాట. మా నాట్ల ముఠా అక్కకి చిన్న కూతురు ఉంది. వచ్చే వేసవిలో పెళ్ళి చేయాలనుకుంటున్నారు. మొన్న మా చేలో నాట్లు వేస్తున్నప్పుడు, టీ తాగే వేళ చూసి అడిగా, "అక్కా, పెళ్ళికి నీకు ఏం తక్కువ పడుద్ది?" అని. ఆమె టీ గ్లాసు పట్టుకుని కాసేపు నా మొహంలోకి చూసింది. నేను ఎగతాళి చేస్తున్నానేమో అనుకుంది. "ఇంకా చాలా టైముంది లేయ్యా" అని మళ్ళీ మళ్ళోకి దిగింది. మళ్ళీ అడగాలి. సంక్రాంతికి వడ్లు ఇంటికొచ్చాక, అమ్మకముందే అడగాలి.

మీ ఊళ్ళో చదివింపుల పద్ధతి ఎలా ఉందో, మీ ఇంట్లో ఏ లెక్కన పెడతారో చెప్పండి. నేను తప్పు చేశానని అనిపిస్తే అదీ చెప్పండి, ఏమనుకోను. ఉంటా మరి, చేలో రెండో దఫా యూరియా చల్లాలి.